దొంగిలించి తెచ్చుకున్న పుణ్యం

ఫ్రాన్స్ దక్షిణాదిన, కొండల నడుమ వందల్లో మాత్రమే జనం ఉన్న ఊరు కాంక్. ఆ ఊళ్లోని సాంత్ ఫ్వా చర్చి మాత్రం నగరాల్లోని చర్చిలకు దీటైనది. ఇంత చిన్న ఊళ్లో అంత పెద్ద కట్టడం ఎందుకు లేచింది? ఊరు కుదించుకుపోయాక కూడా అది ఎలా నిలిచింది?

తొమ్మిదో శతాబ్దం నడుమ ఒక సన్యాసి కాంక్ మఠం నుంచి బయల్దేరి, దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని ఆజెన్ పట్టణం వెళ్ళాడు. అక్కడి చర్చిలో చేరి, అణకువగా పనిచేసి, అందరి నమ్మకం సంపాదించాడు. చివరికి అక్కడున్న ఒక సమాధికి కాపలా ఉండే పని అతనికే అప్పగించారు. తోటివాళ్ళంతా పండగ విందులో ఉన్న ఒక రాత్రి అతను ఆ సమాధిని పగలగొట్టి, అందులోని ఎముకలను మూటగట్టుకుని పారిపోయాడు. 866లో ఆ మూట కాంక్ చేరింది. అరివిస్కస్ అనే ఆ సన్యాసి ఇందుకోసం పదేళ్ళు కాచుకున్నాడట.

ఈ కథ చెప్పింది ఆజెన్ వాళ్ళు కాదు, కాంక్ సన్యాసులే. దొంగతనాన్ని దాచుకోలేదు సరికదా, మఠం ఘనతగా రాసిపెట్టుకున్నారు. మధ్యయుగపు ఐరోపాలో పుణ్యాత్ముల ఎముకలను ఇలా ఎత్తుకొచ్చిన కథలు చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ సమర్థన ఒకటే: ఆ పుణ్యాత్ములకు ఇష్టం లేకపోతే చోటు కదిలేవారా? కదిలారంటే రావాలనుకున్నారన్నమాట. దొంగకు ఇంతకన్నా మంచి వకీలు దొరకడు.

ఆ ఎముకలు ఫ్వా అనే పన్నెండేళ్ళ పిల్లవి. రోమన్ పాలనలో, 303 ప్రాంతంలో, క్రైస్తవాన్ని విడవనన్నందుకు ఆజెన్‌లో ఆమెను ఇత్తడి మంచం మీద కాల్చి, తల నరికి చంపారని క్రైస్తవుల నమ్మకం. కాంక్‌కు ఆమె అవసరం ఏమిటంటే, అప్పటికి ఆ మఠం దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఎనిమిదో శతాబ్దం చివర దాదోన్ అనే ఏకాంతవాసి ఈ లోయలో స్థిరపడ్డాడు. ఆయన చుట్టూ చేరినవాళ్ళు మఠం పెట్టారు. 819లో లూయీ చక్రవర్తి శాసనం ఇచ్చాడు. అయితే దూర్దూ, ఊష్ అనే రెండు ఏర్లు కలిసే చోట, నిట్టనిలువు వాలు మీద, పైరుకు తగిన నేల లేని ఊరది. పైగా పక్కనే ఫిజాక్‌లో, చదునైన లోయలో, ఇంకో మఠం పోటీగా పెరుగుతోంది. జనం రావడానికి ఒక కారణం కావాలి. అరివిస్కస్ మూటలో మోసుకొచ్చింది ఆ కారణాన్నే.

చూపులేనివాళ్ళు, సంతానం లేనివాళ్ళు, చెరసాలల నుంచి బయటపడ్డవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఫ్వా పేరు తలచుకుంటే సంకెళ్ళు ఊడిపోతాయని పేరు పడింది. విడుదలైనవాళ్ళు తమ సంకెళ్ళనే తెచ్చి చర్చికి ఇచ్చేవారు. గర్భాలయం చుట్టూ ఇప్పటికీ నిలిచి ఉన్న ఇనుప కటకటాలు ఆ సంకెళ్ళు కరిగించి చేసినవేనని చెబుతారు. మొక్కుల విషయంలో ఫ్వా గడుసు పిల్ల. తులూజ్ ప్రభువు భార్య ఆర్సిండ్‌కు కలలో కనిపించి, చేతి బంగారు కడియాలు ఇస్తావా అని అడిగిందట. కొడుకును ఇస్తే ఇస్తానంది ఆ ఇల్లాలు. ఇద్దరు కొడుకులు పుట్టారు, కడియాలు కాంక్ చేరాయి.

తల మగవాడిది, ఒళ్ళు బంగారం

ఇలా వచ్చిన బంగారమంతా ఒక బొమ్మకు అతుక్కుంది. ఎత్తు 85 సెంటీమీటర్లు. సింహాసనం మీద నిటారుగా కూర్చున్న రూపం. లోపల చెక్క, పైన బంగారు రేకు, దాని మీద మణులు, చెక్కుడు రాళ్ళు, రోమన్ల కాలపు ముద్రలు. శతాబ్దాల పాటు భక్తులు ఇచ్చినవి ఇచ్చినట్టే దాని మీద పొదుగుతూ పోయారు. 1950లలో విప్పి పరిశీలించినప్పుడు వీపు వైపున్న గూడులో కపాలపు ఎముక కనిపించింది. ముఖం మాత్రం పన్నెండేళ్ళ పిల్లది కానే కాదు. రోమన్ సామ్రాజ్యపు చివరి రోజుల్లో చేసిన మగ ముఖం అది, బహుశా ఏదో చక్రవర్తిది. ఎక్కడో దొరికిన ఆ బంగారు తలను తెచ్చి ఈ పిల్ల భుజాల మీద పెట్టారు. చంపించిన సామ్రాజ్యపు ముఖమే చచ్చిపోయిన పిల్లకు దక్కింది. నీలి కనుపాపలున్న ఆ పెద్ద కళ్ళు ఎదుటివాళ్ళను కాకుండా వాళ్ళ తల మీదుగా ఎటో చూస్తుంటాయి.

1013లో ఈ బొమ్మను చూడటానికి ఉత్తరాది నుంచి ఒక పండితుడు వచ్చాడు. ఆంజే నగరానికి చెందిన బెర్నార్, షార్త్ర్‌లో ఫుల్బేర్ దగ్గర చదువుకున్నవాడు. ఉత్తరాదిలో శిలువ మీది క్రీస్తుకు తప్ప నిలువెత్తు విగ్రహాలు చేయడం తప్పని భావించేవారు. దారిలో ఒరియాక్‌లో ఒక బంగారు విగ్రహం ముందు జనం సాగిలపడటం చూసి, తోటి ప్రయాణికుడి వైపు తిరిగి నవ్వి, ఇది జూపిటరా మార్సా అని లాటిన్‌లో వెటకారమాడాడు. కాంక్ చేరాకా అదే ధోరణి. కొద్ది రోజులకు ఆ నవ్వు పోయింది. ఊళ్లో వాళ్ళు చెప్పే మహిమలు ఒక్కొక్కటీ విని, రాసుకుని, చివరికి ఫ్వాకు గట్టి ప్రచారకుడయ్యాడు. ఆయన మొదలుపెట్టిన మహిమల పుస్తకం వల్లే ఆనాటి కాంక్ మనకు ఇంత దగ్గరగా కనిపిస్తోంది. మఠం భూమిని ఎవరైనా ఆక్రమిస్తే సన్యాసులు ఈ విగ్రహాన్ని మోసుకుంటూ ఆ పొలానికే వెళ్ళేవాళ్ళని ఆయన రాతల వల్లే తెలిసింది. రోదెజ్‌లో మతపెద్దల సభ జరిగితే చుట్టుపక్కల మఠాల వాళ్ళు తమ తమ విగ్రహాలను తెచ్చి పచ్చికబయలులో డేరాల కింద కొలువుదీర్చారట. ఉత్సవ విగ్రహాల ఊరేగింపులు చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. బెర్నార్‌కు మాత్రం అది కాళ్ళ కింద నేల కదిలించిన అనుభవం.

జనం కోసం గీసిన పటం

వస్తున్న జనానికి పాత చర్చి చాల్లేదు. పదకొండో శతాబ్దం నడుమ ఒదోల్రిక్ అనే మఠాధిపతి కొత్తది మొదలుపెట్టాడు. ఆయన తరువాతి వాళ్ళు, ముఖ్యంగా 1087 నుంచి 1107 దాకా మఠాన్ని నడిపిన మూడో బెగోన్, పని సాగించారు. పన్నెండో శతాబ్దపు తొలి దశాబ్దాలకు పూర్తయింది. అప్పటికి స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తెలా యాత్ర జోరందుకుంది. ఫ్రాన్స్ లోపలి లు ప్వీ నుంచి సాంతియాగో వెళ్ళే దారి కాంక్ మీదుగా పోతుంది. ఊరి ప్రార్థనకు వచ్చేవాళ్ళు కొందరైతే, దారిన పోతూ ఆగేవాళ్ళు వేలల్లో.

ఈ చర్చి ఆకారానికి ఆ రద్దీయే కారణం. మామూలు చర్చిలో భక్తులు మధ్య నడవలో నిలబడితే, బలిపీఠం దగ్గర పూజారులు ఉంటారు. ఇక్కడ మధ్య నడవకు ఇరుపక్కలా పక్క నడవలు ఉన్నాయి. అవి అడ్డ బాహువుల చుట్టూ తిరిగి, బలిపీఠం వెనక అర్ధవృత్తంగా సాగే ప్రదక్షిణ మార్గంలో కలుస్తాయి. పడమటి గుమ్మంలో దూరినవాడు పక్క నడవ పట్టుకుని, కటకటాల వెనక మెరిసే ఫ్వాను చూసుకుంటూ, ప్రదక్షిణ మార్గానికి అంటుకున్న చిన్న గుళ్ళ ముందు మోకరిల్లి, అటు పక్క నడవలోంచి బయటికి రావచ్చు. మధ్యలో సన్యాసుల పాట ఎక్కడా ఆగదు. ఇదే పథకంతో కట్టిన పెద్ద చర్చిలు ఐదింటిని పండితులు ఒక కుటుంబంగా చూస్తారు. వాటిలో తూర్, లిమోజ్ పట్టణాల్లోనివి ఫ్రెంచి విప్లవం తరువాత నేలమట్టమయ్యాయి. మిగిలినవి తులూజ్, సాంతియాగో, కాంక్. మొదటి రెండూ నగరాలు.

కాంక్ మేస్త్రీలకు నగరాల వాళ్ళకు లేని చిక్కు ఒకటుంది. కొండవాలులో చదును చేయగలిగినంతే జాగా. చర్చి మొత్తం పొడవు 56 మీటర్లు. అందులో భక్తులు నిలబడే మధ్య నడవ ఇరవై మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు ఏడు మీటర్లు కూడా లేదు. అడ్డ బాహువులు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు 35 మీటర్లు. పొడవు సాగదీసే వీల్లేక పైకి లేపారు. ఇరుకు నడవ మీద రాతి కప్పు 22 మీటర్ల ఎత్తున ఉంది. లోపలికి అడుగుపెట్టినవాళ్ళ తల దానంతటదే పైకెత్తుకోవడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు, వెడల్పుకు మూడింతల పైగా ఎత్తుండటం.

అర్ధవృత్తపు కమానుగా సాగే రాతి కప్పుతో ఒక పేచీ ఉంది. దాని బరువు కిందికే కాదు, పక్కలకూ నెడుతుంది. ఊరుకుంటే గోడలు విచ్చుకుని కప్పు కూలుతుంది. గోతిక్ చర్చిలకు బయట కనిపించే రాతి ఆసరాలు అప్పటికి రాలేదు. కాంక్ మేస్త్రీలు పక్క నడవల మీద రెండో అంతస్తుగా గ్యాలరీ లేపి, దాని కప్పును వృత్తంలో పావు వంతుగా, మధ్య గోడ వైపు ఒరిగేలా కట్టారు. కదిలే బండికి భుజం ఆనించినట్టు, ఆ పావు కమానులు రెండు పక్కలా నడవ కప్పు తోపును పట్టుకుని బరువును బయటి గోడలకు దించుతాయి. రద్దీ రోజుల్లో నిలబడే చోటు కూడా దొరికింది.

దీనికి చెల్లించిన మూల్యం వెలుతురు. గ్యాలరీ అడ్డు రావడంతో మధ్య నడవ పైగోడలో కిటికీలు పెట్టే వీల్లేదు. వెలుగంతా పక్క నడవల లోంచి, గ్యాలరీ కమానుల లోంచి వడగట్టుకుని రావాల్సిందే. ఈ లోటే తొమ్మిది వందల ఏళ్ళ తరువాత ఒక చిత్రకారుడిని పట్టుకుంది. ఆ సంగతి తరువాత.

గోడల్లో మూడు రకాల రాళ్ళున్నాయి. అక్కడే దొరికే బూడిద రంగు పలకరాయి, ఎర్రటి ఇసుకరాయి, పసుపు ఛాయ సున్నపురాయి. చెక్కడానికి లొంగే సున్నపురాయిని ముఖ్యమైన చోట్లకు దాచుకున్నారు. రెండు వందలకు పైగా ఉన్న స్తంభశీర్షాల మీద ఆకులు, అల్లికలు, బైబిలు ఘట్టాలు, ఫ్వాను బంధించి తీసుకువెళ్ళే దృశ్యం కనిపిస్తాయి. నడవా బాహువులూ కలిసే చోట పైన ఎనిమిది పలకల గోపురం ఉంది. దాని మొదటి కప్పు కూలిపోతే పదిహేనో శతాబ్దంలో అప్పటి గోతిక్ పద్ధతిలో మళ్ళీ కట్టారు. ఊరి ఫొటోలన్నిటిలో కనిపించే పడమటి జంట గోపురాల కొసలు పందొమ్మిదో శతాబ్దంలో పెట్టినవి. మధ్యయుగపు చర్చి అని మనం మురిసిపోయే రూపంలో చాలాచోట్ల ఇలాంటి కొత్త టోపీ ఒకటి ఉంటుంది.

గుమ్మం మీద పరలోకం

కాంక్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది నిజానికి పడమటి గుమ్మం పైనున్న అర్ధచంద్రాకారపు రాతి పలక కోసం వస్తారు. వెడల్పు 6.70 మీటర్లు, ఎత్తు 3.60 మీటర్లు, అందులో 124 రూపాలు. విషయం తుది తీర్పు. నడుమ క్రీస్తు కుడి చెయ్యి పైకి, ఎడమ చెయ్యి కిందికి. ఆయన కుడి పక్క స్వర్గం, ఎడమ పక్క నరకం. రంగులు ఇంకా పూర్తిగా పోలేదు, అక్కడక్కడా నీలం, ఎరుపు పూతలు అంటుకునే ఉన్నాయి.

స్వర్గం వైపు అందరూ వరసగా, కమానుల కింద సర్దుకుని ఉంటారు. కన్య మరియ, తాళంచెవులతో పీటర్, కర్రతో దాదోన్, వాళ్ళ వెనక ఒక మఠాధిపతి. ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది ఎవరినో కాదు, షార్లమాన్ చక్రవర్తిని. చక్రవర్తి బెదురుతూ, తడబడుతూ వస్తున్నాడు. వెనక సన్యాసులు ఆయన కాంక్‌కు ఇచ్చిన కానుకలు మోస్తున్నారు, సాక్ష్యంగా చూపించడానికన్నట్టు. అంత పెద్ద రాజుకూ స్వర్గంలో సీటు మా మఠం పూచీకత్తు మీదే దొరికిందని చెప్పుకున్న ధైర్యం ఇది. కింద ఓ మూల ఫ్వా సాగిలపడి ఉంది. మేఘంలోంచి దేవుడి చెయ్యి ఆమె వైపు చాచి ఉంది. వెనక కమానులకు సంకెళ్ళు వేలాడుతున్నాయి. అంటే స్వర్గం బొమ్మలో ఈ చర్చే ఉంది.

నరకం వైపు వరస లేదు, కమానులు లేవు, అంతా కుప్పతెప్పలు. చూసేవాళ్ళ కళ్ళు ఆగేది అక్కడే. గర్విష్ఠి యోధుడు గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్నాడు. పిసినారి మెడకు డబ్బు సంచితో ఉరి వేలాడుతున్నాడు. చాడీలు చెప్పినవాడి నాలుక పీకుతున్నారు. ఒకడిని శూలానికి గుచ్చి కాలుస్తుంటే, ఆ పని చేస్తున్న భూతాల్లో ఒకటి కుందేలు రూపంలో ఉంది. దొంగచాటుగా వేటాడినవాడికి ఆ శిక్ష న్యాయమే మరి. కిరీటం తప్ప ఒంటి మీద నూలుపోగు లేని రాజు ఉన్నాడు. వలలో చిక్కిన మఠపెద్దలూ ఉన్నారు. తమ వాళ్ళను కూడా నరకంలో చెక్కించిన సన్యాసులను కాస్త మెచ్చుకోవాలి. ఆత్మలను తూచే తక్కెడ దగ్గర భూతం వేలితో పళ్ళెం నొక్కుతూ పట్టుబడింది. సంతలో అంగడివాడి చేతివాటం ఎరిగిన శిల్పి మాత్రమే దాన్ని చెక్కగలడు.

వీటన్నిటి కన్నా నాకు నచ్చేవి బయటి అంచునున్న చిన్న ముఖాలు. రాతి పట్టీని వేళ్ళతో పట్టుకుని, దాని వెనక నుంచి ముక్కు దాకా తలలెత్తి, తీర్పు ఎలా సాగుతోందా అని తొంగిచూస్తుంటాయి. వాళ్ళు దేవదూతలా కాదా అన్న పండితుల చర్చ పక్కన పెడితే, ఏ ఊళ్లో పంచాయితీ జరిగినా గోడ మీంచి చూసే జనం వాళ్ళే.

ఊరు చేసిన కాపలా

యాత్రల కాలం పలచబడగానే కాంక్ చిక్కిపోయింది. 1537లో సన్యాసులు మఠ నియమాలు వదిలి మామూలు మతాధికారులయ్యారు. 1568లో ప్రొటెస్టెంట్లు చర్చికి నిప్పు పెట్టారు. విప్లవం వచ్చాక ఫ్రాన్స్ అంతటా చర్చిల బంగారం కొలిమిలోకి పోయింది. కాంక్ బంగారం పోలేదు. జప్తుకు మనుషులు వస్తున్నారని తెలిసి ఊరివాళ్ళు నిధిని తలా కొంత పంచుకుని తోటల్లో, చెస్ట్‌నట్ కాయలు ఆరబెట్టే కొట్టాల్లో దాచారని, గొడవలు సద్దుమణిగాక తెచ్చి అప్పగించారని ఊళ్లో చెప్పుకుంటారు. దాచిన తీరు గురించి కథలు ఎలా ఉన్నా, ఫలితం అద్దాల వెనక ఇప్పటికీ ఉంది. తొమ్మిదో శతాబ్దం నుంచి పోగైన నిధి, ఫ్రాన్స్‌లో దాదాపు ఇంకెక్కడా లేనంత చెక్కుచెదరకుండా, ఒక చిన్న ఊళ్లో మిగిలింది. అందరి కోసం కట్టిన చర్చిని కాపాడినది మాత్రం కొద్దిమందే.

ఊరివాళ్ళ చేతుల్లో అన్నీ మిగల్లేదు. మఠం లోపలి స్తంభాల వసారా పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో శిథిలమై, రాయి కావాల్సిన వాళ్ళకు గని అయింది. కొన్ని కమానులే మిగిలాయి. 1837లో ప్రభుత్వం తరఫున పాత కట్టడాల తనిఖీకి ప్రోస్పేర్ మెరిమే వచ్చాడు. తరువాత ‘కార్మెన్’ కథ రాసిన మెరిమేనే. ఇలాంటి మారుమూలలో ఇంత సంపద ఉంటుందని ఊహించలేదని తన నివేదికలో ఆశ్చర్యపోయాడు. 1840లో ఫ్రాన్స్ తయారుచేసిన తొలి రక్షిత కట్టడాల జాబితాలో కాంక్ చేరింది. 1873లో ప్రెమోంత్రే సంఘపు సన్యాసులు వచ్చి మఠాన్ని మళ్ళీ తెరిచారు. రెండేళ్ళకు మరమ్మతుల్లో, గర్భాలయపు స్తంభాల నడుమ గోడలో మూసిన పెట్టె ఒకటి బయటపడింది. అందులో ఫ్వా ఎముకలు. ఆపద కాలంలో ఎవరో దాచి, ఆ సంగతి చెప్పకుండానే పోయారు.

రంగు లేని అద్దాలు

కాంక్‌కు నలభై కిలోమీటర్ల లోపే రోదెజ్ పట్టణం. 1919లో అక్కడ పుట్టిన పియేర్ సులాజ్ బడి పిల్లలతో కలిసి ఈ చర్చికి వచ్చాడు. జీవితమంతా కళకే ఇవ్వాలని తాను నిశ్చయించుకున్నది ఇక్కడేనని తరువాత చెప్పేవాడు. నల్ల రంగు మీద కాంతి ఆడే తీరునే జీవితకాలం చిత్రించిన మనిషి. 1986లో ప్రభుత్వం కాంక్ కిటికీల పని ఆయనకు అప్పగించింది. మొత్తం 104 వెలుతురు ద్వారాలు. అప్పటికి వాటిలో 1940ల, 50ల నాటి రంగుటద్దాలు, బైబిలు బొమ్మలతో, ఉన్నాయి.

సులాజ్ మొదట కట్టడాన్ని చదివాడు. ఉత్తరం వైపు కిటికీలు ఇరుకు, దక్షిణం వైపువి వెడల్పు. గ్యాలరీల వల్ల వెలుగు చుట్టుతిరిగి వస్తుంది. అంటే పాత మేస్త్రీలు వెలుతురును కూడా రాయిలాగే కొలిచి పెట్టారు. దాని మీద రంగు పోయడం అంటే వాళ్ళ లెక్క చెరపడమే అనుకున్నాడు. తనకు కావాల్సిన గాజు బజారులో దొరకలేదు. కాంతి రావాలి, బయటి దృశ్యం కనిపించకూడదు, రంగు ఉండకూడదు. తులూజ్ గాజు పనివాడు జాన్ దొమినిక్ ఫ్లరీతో కలిసి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, తెల్లని గాజు రవ్వలను ఒక్కో చోట ఒక్కో తీరున కరిగేలా చేసి సాధించారు. బొమ్మలేవీ లేవు. సీసపు గీతలు మాత్రం ఏటవాలుగా, చిన్న వంపుతో సాగుతాయి. పొద్దునపూట గాజు నీలంగా, సాయంత్రం నారింజ ఛాయగా తేలుతుంది. ఆ రంగులు గాజువి కావు, ఆకాశానివి.

1994లో ఇవి అమరాయి. ఊళ్లో చాలామందికి నచ్చలేదు. దాన్ని పల్లెటూరి అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. నిజానికి వాళ్ళ పక్షాన చెప్పుకోదగ్గ మాట ఉంది: మధ్యయుగపు చర్చిలు ఇంత బోడిగా ఉండేవి కావు, గోడలకు పూతలు, గుమ్మానికి రంగులు ఉండేవి. రాతి నగ్నత్వం మన కాలపు అభిరుచి, పన్నెండో శతాబ్దానిది కాదు. అయినా నా ఓటు సులాజ్‌కే. పాత చర్చిలో పాతకాలపు వేషం వేసిన 1940ల బొమ్మల కన్నా, గోడల కొలత ఎరిగి ఒదిగిన కొత్త పని నిజాయితీగా ఉంది. 2014లో రోదెజ్‌లో తెరిచిన సులాజ్ మ్యూజియంలో ఈ కిటికీల కోసం గీసిన పూర్తి కొలతల పటాలు చూడొచ్చు. 2022లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు.

1998లో యునెస్కో సాంతియాగో యాత్రా మార్గాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు ఈ చర్చితో పాటు దూర్దూ మీది పాత వంతెననూ చేర్చింది. వీపు మీద సంచి, చేతిలో కర్రతో లు ప్వీ నుంచి నడిచొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఆ వంతెన దాటే ముందుకు పోతారు. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టం తరువాత ఫ్రాన్స్‌లో అప్పటికే ఉన్న ఊరి చర్చిలు ఆయా స్థానిక సంస్థల ఆస్తి అయ్యాయి. పూజ మతగురువులది, పైకప్పు పంచాయతీది. 2016లో కాంక్ చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి కాంక్-ఆన్-రూయెర్గ్ అయింది, బహుశా ఆ పైకప్పు ఖర్చుకు కాస్త ఊతం.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. బస్సుల్లో వచ్చి మధ్యాహ్నానికే వెళ్ళిపోయే గుంపులో కలవకుండా ఒక రాత్రి ఊళ్లో ఉండండి. పడమటి గుమ్మం మీద ఎండ పడేది మధ్యాహ్నం తరువాతే. రాత్రి ప్రార్థన అయ్యాక సన్యాసుల్లో ఒకరు గుమ్మం ముందు నిలబడి 124 రూపాలనూ వివరిస్తారు. నరకం దగ్గరికి రాగానే జనం నవ్వడం మొదలుపెడతారు. ఆ తరువాత ఆర్గన్ వాయిస్తుంటే గ్యాలరీలోకి ఎక్కనిస్తారు. కింద నుంచి మెడ నొప్పి పుట్టేలా చూసిన స్తంభశీర్షాలు అక్కడ చేతికందే దూరంలో ఉంటాయి.